ఇంటర్‌లో ఉండగానే ఉన్నత కలన గణితం సొంతంగా చదవాలంటే ఏ పుస్తకం పట్టుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఇంటర్ మొదటి సంవత్సరం ఎం.పి.సి. పూర్తయింది, తెలుగు అకాడమీ 1బి పుస్తకంలోని అవధులు, అవిచ్ఛిన్నత, అవకలనం చేతికి అలవాటయ్యాయి, 2బిలో రావలసిన సమాకలనం కూడా సెలవుల్లో ముందే కొంత చదివారు. ఇక కాలేజీ పాఠాలతో, కోచింగ్‌తో నిమిత్తం లేకుండా "అడ్వాన్స్‌డ్ కాల్క్యులస్" సొంతంగా చదవాలని మీ కోరిక. ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు. ఒకరు రూడిన్ అంటే ఇంకొకరు పిస్కునోవ్ అంటున్నారు, మరొకరు స్పివాక్ తప్ప వేరేది ముట్టుకోవద్దంటున్నారు. వీటిలో ఏది కొనాలో, ఏ వరసలో చదవాలో చెప్పమన్నారు. డిగ్రీ పిల్లలకు ఈ పాఠాలే చాలా ఏళ్లుగా చెబుతున్నవాణ్ణి కనుక, ఏ పుస్తకం దగ్గర ఎవరు ఎక్కడ ఆగిపోతారో కొంత చూశాను. ఆ అనుభవంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

ముందు ఆ మాట సంగతి తేల్చుకోవాలి. "అడ్వాన్స్‌డ్ కాల్క్యులస్" అన్న పేరుతో మన దగ్గర మూడు వేర్వేరు విషయాలు చలామణీలో ఉన్నాయి. మొదటిది, ఉన్న సమాకలనాన్నే ఇంకా కష్టమైన లెక్కలతో, ఇంకా గడుసు ప్రతిక్షేపణలతో చేయడం. జేఈఈ కోచింగ్‌లో ఈ మాట వినబడితే చాలా వరకు అర్థం ఇదే. రెండోది, మీరు ఇప్పటికే వాడుతున్న ఏకచలరాశి కలన గణితాన్ని మొదటి నుంచి ఉపపత్తులతో నిర్మించుకుంటూ రావడం. దీన్నే డిగ్రీలో వాస్తవ విశ్లేషణ అంటారు. మూడోది, రెండు మూడు చలరాశుల ప్రమేయాలు, పాక్షిక అవకలజాలు, బహుళ సమాకలనులు, గ్రీన్, స్టోక్స్ సిద్ధాంతాలు. పాత ఇంగ్లిష్ పుస్తకాల అట్టల మీద ఆ పేరు కనిపిస్తే సాధారణంగా లోపల ఉండేది రెండోదీ మూడోదీ కలిసిన మిశ్రమం. మీకు పేర్లు చెప్పినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో అర్థం మనసులో పెట్టుకుని చెప్పారు. అందుకే సలహాలు పొంతన లేకుండా ఉన్నాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంటర్ కలన గణితం బాగా వచ్చిన విద్యార్థికి ఉండే కొరత కష్టమైన సమాకలనుల కొరత కాదు, ఉపపత్తుల కొరత. ఆ కొరత తీరకుండా మూడో దానిలోకి దూకితే అది కూడా మరికొన్ని సూత్రాల జాబితాగానే మిగులుతుంది. కాబట్టి మీరు ఎంచుకోవలసింది రెండో రకం పుస్తకం. దాన్ని ఎలా ఎంచుకోవాలన్నదే అసలు ప్రశ్న.

దీనికి నేను విద్యార్థులకు చెప్పే పరీక్ష ఒకటుంది. 1బిలో మీరు రోల్ సిద్ధాంతం చదివారు. ఒక సంవృత అంతరంలో ప్రమేయం అవిచ్ఛిన్నంగా ఉండి, లోపల అంతటా అవకలనీయమై, రెండు చివరలా ఒకే విలువ తీసుకుంటే, లోపల ఎక్కడో ఒకచోట అవకలజం సున్నా అవుతుంది. సిలబస్‌లో ఇది ఉపపత్తి లేకుండా ఉంది. ఒక బొమ్మ గీసి, గుట్ట శిఖరం దగ్గర స్పర్శరేఖ అడ్డంగా ఉంటుందని చూపించి, లెక్కల్లోకి వెళ్లిపోతాం. బొమ్మ చూస్తే ఇందులో నిరూపించడానికి ఏముందని అనిపిస్తుంది.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. ప్రపంచంలో అకరణీయ సంఖ్యలు మాత్రమే ఉన్నాయని, √2, √3 లాంటివి అసలు లేవని అనుకోండి. ఎక్స్ ఘనం మైనస్ ఎక్స్ అనే ప్రమేయాన్ని 0 నుంచి 1 దాకా ఉన్న అకరణీయ సంఖ్యల మీద తీసుకోండి. 0 దగ్గర విలువ సున్నా, 1 దగ్గరా సున్నా. అవిచ్ఛిన్నత ఉంది, అవకలనీయత ఉంది, రోల్ అడిగిన షరతులన్నీ ఉన్నాయి. అవకలజం మూడు ఎక్స్ వర్గం మైనస్ ఒకటి. ఇది సున్నా కావాలంటే ఎక్స్ విలువ 1/√3 కావాలి. ఆ సంఖ్య మన ప్రపంచంలో లేదు. అంటే రోల్ సిద్ధాంతం ఇక్కడ తప్పు! వక్రం కిందికి దిగి పైకి లేస్తూనే ఉంది, కానీ అడుగు బిందువు ఉండవలసిన చోట ఒక చిల్లు ఉంది. కాగితం మీద పెన్సిల్‌తో గీసిన బొమ్మలో ఆ చిల్లు కనిపించదు. కాబట్టి రోల్ సిద్ధాంతం నిజం కావడానికి కారణం అవకలనంలో మాత్రమే లేదు. వాస్తవ సంఖ్యల మధ్య చిల్లులు లేవన్న ధర్మంలో కూడా ఉంది. దాన్నే సంపూర్ణతా ధర్మం అంటారు. ఇంటర్ రెండేళ్లలోనూ ఈ ధర్మాన్ని మనం ప్రతి పేజీలో వాడుకుంటాం, ఒక్కసారీ పేరు పెట్టి పిలవం.

ఇక పరీక్ష ఇది. ఏ పుస్తకం చేతికి వచ్చినా రోల్ సిద్ధాంతం ఉన్న పేజీ తెరవండి. ఉపపత్తి చదవండి. అందులో "అవిచ్ఛిన్న ప్రమేయం సంవృత అంతరంలో తన గరిష్ఠ, కనిష్ఠ విలువలు అందుకుంటుంది" అన్న వాక్యం వస్తుంది. ఆ సిద్ధాంతం ఎక్కడ ఉందో వెతుక్కుంటూ వెనక్కి వెళ్లండి. అక్కడ ఆ ప్రమేయం పరిబద్ధమన్న, అంటే దాని విలువలు ఒక హద్దు దాటవన్న సిద్ధాంతం వాడి ఉంటారు. దాని కోసం ఇంకా వెనక్కి వెళ్లండి. చివరికి "ఎగువ హద్దు ఉన్న ప్రతి శూన్యేతర సమితికీ కనిష్ఠ ఎగువ హద్దు ఉంటుంది" అన్న వాక్యం దగ్గరికి చేరాలి. ఈ దారి మధ్యలో "దీని ఉపపత్తి ఈ పుస్తక పరిధికి మించినది" అని తెగిపోతే ఆ పుస్తకం మీకు ఇప్పుడు అవసరమైనది కాదు. థామస్, స్టీవర్ట్ వంటి లావుపాటి పుస్తకాలు ఈ పరీక్షలో ఆగిపోతాయి. అవి చెడ్డ పుస్తకాలని కాదు, బొమ్మలు, అనువర్తనాలు చక్కగా ఉంటాయి. కానీ మీకు తెలిసిన దాన్నే మళ్లీ ఎనిమిది వందల పేజీల్లో చదవడం అవుతుంది. దారి తెగకుండా ఉండి, దారిలో ప్రతి మెట్టూ మీకు పెన్ను పట్టుకుని ఒక గంటలో అందితే అదే మీ పుస్తకం. దారి ఉంది కానీ మెట్లు అందడం లేదంటే ఆ పుస్తకం రెండేళ్ల తర్వాతిది.

ఈ పరీక్షలో నా విద్యార్థులకు ఎక్కువగా నప్పింది మైకేల్ స్పివాక్ రాసిన "కాల్క్యులస్". 1967లో మొదట అచ్చయిన ఈ పుస్తకం పేరు చూసి మోసపోకూడదు. లోపల ఉన్నది విశ్లేషణే. మొదటి అధ్యాయంలో సంఖ్యల ధర్మాలు పన్నెండు చెప్పి, వాటి మీదే పని మొదలుపెడతాడు. ఏడో అధ్యాయంలో మూడు కఠిన సిద్ధాంతాలని పేరు పెట్టి, రుణ విలువ నుంచి ధన విలువకు వెళ్లే అవిచ్ఛిన్న ప్రమేయం మధ్యలో సున్నా అవుతుందని, సంవృత అంతరంలో పరిబద్ధమని, గరిష్ఠ విలువ అందుకుంటుందని ప్రవచించి, నిరూపించకుండానే వాటితో ఏమేం చేయవచ్చో చూపిస్తాడు. నిరూపించడానికి ఆ పన్నెండు ధర్మాలు చాలవని చదివేవాడికి అర్థమయ్యాక, ఎనిమిదో అధ్యాయంలో పదమూడో ధర్మంగా కనిష్ఠ ఎగువ హద్దును తెస్తాడు. రోల్ సిద్ధాంతం పదకొండో అధ్యాయంలో వస్తుంది. అంటే మీరు వెనక్కి నడవాల్సిన దారి పదకొండు నుంచి ఏడుకు, ఏడు నుంచి ఎనిమిదికి. ప్రశ్న బాగా మరిగాకే జవాబు వడ్డించడం ఈ రచయిత ప్రత్యేకత.

దీనితో వచ్చే ఇబ్బందులు కూడా చెప్పాలి. మొదటి అధ్యాయం చూడగానే, దేన్నైనా సున్నాతో గుణిస్తే సున్నా ఎందుకొస్తుందో నిరూపించడం కనిపిస్తుంది. ఇది ఆరో తరగతి సంగతి అని చాలామంది దాటేస్తారు. దాటేసినవాళ్లు అయిదో అధ్యాయంలో అవధి నిర్వచనం దగ్గర మునుగుతారు, ఎందుకంటే అక్కడ కావలసిన అసమానతల పని అంతా మొదటి అధ్యాయం అభ్యాసాల్లోనే ఉంది. మూడు, నాలుగు అధ్యాయాలు మీరు వేగంగా చదవవచ్చు. అయిదు నుంచి ఎనిమిది దాకా ఎంత నెమ్మదిగా వెళ్లినా తప్పులేదు. వారానికి అయిదారు గంటలు పెట్టగలిగే విద్యార్థికి ఒక్కో అధ్యాయానికి రెండు మూడు వారాలు పడుతుంది. అభ్యాసాలన్నీ చేయాలని పట్టుబట్టవద్దు, మూడింట ఒక వంతు చేస్తే చాలు. జవాబుల పుస్తకం విడిగా దొరుకుతుంది. అది మొదటి మూడు నెలలు కొనకపోవడమే మంచిది. ఈ పుస్తకంలో బహుచలరాశుల ప్రస్తావన లేదు, భౌతికశాస్త్ర అనువర్తనాలు తక్కువ.

ఆ లోటు మీకు పెద్దదిగా తోస్తే, అంటే మీ మనసు గణితం కంటే ఫిజిక్స్ వైపు ఎక్కువగా ఉంటే, టామ్ అపోస్టల్ రాసిన "కాల్క్యులస్" రెండు సంపుటాలు చూడండి. ఆయన అవకలనం కంటే ముందు సమాకలనం చెబుతాడు. పరవలయం కింది వైశాల్యాన్ని ఆర్కిమిడీస్ ఎలా లెక్కగట్టాడో అక్కడి నుంచే మొదలుపెడతాడు. మన అలవాటుకు తలకిందులుగా కనిపించినా చరిత్రలో వరస అదే. రెండో సంపుటంలో రేఖీయ బీజగణితం, దాని మీద బహుచలరాశుల కలన గణితం ఒకే చేతి రాతలో వస్తాయి కనుక, మధ్యలో పుస్తకం మార్చవలసిన పని ఉండదు. అభ్యాసాలకు చివర జవాబులు ఉంటాయి కానీ సాధనలు ఉండవు. రచన కొంచెం పొడిగా ఉంటుంది, స్పివాక్‌లో ఉన్న చమత్కారం ఉండదు. రెండింటిలో ఒకటే కొనండి. రెండూ కొన్నవాళ్లు రెండింటిలోనూ మూడో అధ్యాయం దాటకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

రూడిన్, అంటే వాల్టర్ రూడిన్ రాసిన "ప్రిన్సిపుల్స్ ఆఫ్ మ్యాథమెటికల్ అనాలిసిస్" గురించి అడిగారు కనుక నా సొంత పొరపాటు చెబుతాను. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా, అబిడ్స్‌లో ఆదివారం రోడ్డు పక్కన పరిచే పాత పుస్తకాల మధ్య అట్ట ఊడిపోయిన రూడిన్ ప్రతి ఒకటి దొరికింది. అది చదివితేనే గణితం వచ్చినట్టని ఎవరో అనగా విని, బేరమాడకుండా కొన్నాను. మొదటి అధ్యాయం పదిహేను రోజుల్లో అయింది. రెండో అధ్యాయంలో కాంపాక్ట్ సమితుల దగ్గర మూడు నెలలు కూర్చున్నాను. నిర్వచనం కంఠతా వచ్చింది, సిద్ధాంతాలు అక్షరం పొల్లుపోకుండా రాయగలిగాను, కానీ ఇదంతా దేనికో తెలియలేదు. చాలా రోజుల తర్వాత అర్థమైన సంగతి ఏమిటంటే, అవిచ్ఛిన్న ప్రమేయం గరిష్ఠ విలువను ఎందుకు అందుకోవాలి అన్న ప్రశ్న నాకు అప్పటికి ఎన్నడూ పుట్టలేదు. పుట్టని ప్రశ్నకు జవాబు చదువుతున్నాను. ఆ పుస్తకం రాసినవారి తప్పు ఇందులో ఏమీ లేదు. 1953లో మొదట వెలువడి, 1976 నాటి మూడో కూర్పుగా ఇప్పటికీ నిలిచిన ఆ పుస్తకం ఇంత బిగువుగా ఇంకెవరూ రాయలేదేమో అనిపిస్తుంది. అవకలనం అయిదో అధ్యాయంలో గానీ రాదు, బొమ్మ ఒక్కటీ ఉండదు. దాన్ని రెండో పుస్తకంగా చదవండి, మొదటి పుస్తకంగా కాదు.

టెరెన్స్ టావో "అనాలిసిస్" మాటకొస్తే, రెండు భాగాలు హిందుస్తాన్ బుక్ ఏజెన్సీ భారతీయ ముద్రణలో దొరుకుతాయి. సహజ సంఖ్యల నుంచి మొదలుపెట్టి పూర్ణాంకాలు, అకరణీయాలు, వాస్తవ సంఖ్యలు అన్నీ ఒక్కొక్కటిగా కట్టుకుంటూ వెళ్తారు. అవకలనం పదో అధ్యాయంలో కనిపిస్తుంది. ఓపిక ఉన్నవారికి ఇంత దయగల పుస్తకం లేదు. అయితే పదిహేడేళ్ల వయసులో, పగలంతా కాలేజీలో ఉండి వచ్చి, రెండు సంఖ్యల కూడిక ఏ వరసలో చేసినా ఒకటేనని నిరూపిస్తూ కూర్చోవడం అందరికీ పట్టే పని కాదు. మీకు పునాదుల మీద ఆసక్తి ఉంటే తీసుకోండి.

మన దగ్గరివాళ్లు రాసిన రెండు పుస్తకాలు కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవరూ చెప్పరు. ఐఐటీ బొంబాయిలో పాఠాలు చెప్పిన ఘోర్పడే, లిమయే రాసిన "ఎ కోర్స్ ఇన్ కాల్క్యులస్ అండ్ రియల్ అనాలిసిస్" పైన చెప్పిన రోల్ పరీక్షలో నెగ్గుతుంది, లెక్కలూ సిద్ధాంతమూ సమపాళ్లలో ఉంటాయి. బహుచలరాశులకు వాళ్లదే ఇంకో పుస్తకం ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కుమరేశన్, అజిత్ కుమార్‌తో కలిసి రాసిన "ఎ బేసిక్ కోర్స్ ఇన్ రియల్ అనాలిసిస్" ఇంకో తరహాది. 1993లో గణిత విద్యార్థుల కోసం ఎం.టి.టి.ఎస్. (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) శిక్షణ శిబిరాలు మొదలుపెట్టినవారు కుమరేశనే. తరగతిలో నిలబడి విద్యార్థిని ప్రశ్నిస్తున్నట్టు ఉంటుంది ఆ రాత. ఉపపత్తి చెప్పడంతో ఆగకుండా, ఆ ఉపపత్తి ఎవరికైనా ఎలా తడుతుందో చెబుతారు. స్పివాక్‌లో ఏదైనా అధ్యాయం కొరుకుడు పడకపోతే అదే అంశాన్ని ఇందులో చూడండి.

సోవియట్ పుస్తకాల సంగతి. మీర్ ప్రచురణల పిస్కునోవ్, మారన్, డెమిడోవిచ్ మా తరానికి విశాలాంధ్ర బుక్‌హౌస్‌లో కారుచౌకగా దొరికేవి. ఆ అభిమానంతోనే ఇప్పటికీ చాలామంది మాస్టార్లు పిస్కునోవ్ పేరు చెబుతారు. పిస్కునోవ్ మంచి పాఠ్యపుస్తకమే. బహుచలరాశులు, అవకలన సమీకరణాలు దాకా వెళ్తుంది, పరిష్కరించిన ఉదాహరణలు పుష్కలం. కానీ అది ఇంజనీర్ల కోసం రాసినది, ఉపపత్తుల విషయంలో కొన్నిచోట్ల చూసీ చూడనట్టు పోతుంది. మారన్ ఏకచలరాశి లెక్కల పుస్తకం. సూచనలతో, జవాబులతో ఉంటుంది. డెమిడోవిచ్‌లో 3,000కు పైగా లెక్కలున్నాయి. మీ ప్రధాన పుస్తకం పక్కన చెయ్యి తిరగడానికి మారన్ ఒక్కటి చాలు. ఇవన్నీ చేస్తే విశ్లేషణ వస్తుందనుకోవడం మాత్రం పొరపాటు. లెక్క చేయడం ఒక నైపుణ్యం, నిరూపించడం ఇంకొకటి.

ఈ తేడా ఒక లెక్కతో చూపిస్తాను. భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ హైస్కూల్లో ఉండగా, తరగతిలో ఊరికే మాట్లాడుతున్నాడని ఫిజిక్స్ మాస్టారు బేడర్ ఆయనకు వుడ్స్ రాసిన "అడ్వాన్స్‌డ్ కాల్క్యులస్" ఇచ్చి వెనక కూర్చుని చదువుకోమన్నారు. సమాకలని గుర్తు లోపల అవకలనం చేయడం అందులోనే నేర్చుకున్నానని ఆయన తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. మీ ప్రశ్నలోని పేరూ, మీ వయసూ ఈ కథలోవే కనుక ఆ ఉపాయం చూడండి. ఎక్స్‌ను "ఏ" (a) అనే సంఖ్య ఘాతానికి ఎత్తి, ఒకటి తీసేసి, ఎక్స్ సహజ సంవర్గమానంతో భాగించి, 0 నుంచి 1 దాకా సమాకలనం చేయాలి. నేరుగా పోతే దారి దొరకదు. ఏను చలరాశిగా భావించి, దాని పరంగా లోపల అవకలనం చేస్తే హారంలోని సంవర్గమానం కొట్టుకుపోతుంది; మిగిలేది ఎక్స్ ఘాతం ఏ మాత్రమే; దాని సమాకలని 1/(ఏ+1). ఏ సున్నా అయినప్పుడు మొదటి సమాకలని సున్నా కనుక, జవాబు ఏ ప్లస్ ఒకటి యొక్క సంవర్గమానం. ఏ విలువ 2 అయితే జవాబు లాగ్ 3. నాలుగు పంక్తులు! లెక్కల పుస్తకం ఇక్కడితో మురిసిపోయి ముందుకు వెళ్తుంది. విశ్లేషణ పుస్తకం ఆగి, అవకలనాన్ని సమాకలని గుర్తు దాటించి లోపలికి పంపడానికి మనకు అనుమతి ఎక్కడిది అని అడుగుతుంది. రెండు అవధుల వరస మార్చాము కదా. మార్చకూడని సందర్భాలూ ఉన్నాయి. ఆ అనుమతి పత్రం పేరే ఏకరూప అభిసరణం, దానికి సంబంధించిన సిద్ధాంతాలు.

ఏకరూపం అన్న మాట వచ్చింది కనుక, ఇంగ్లిష్ పుస్తకాలు చదివే తెలుగు పిల్లలకు అడ్డుపడే ఒక చోటు గురించి చెబుతాను. అవధి నిర్వచనంలో వచ్చే ఎప్సిలాన్, డెల్టా కష్టమని అందరూ అంటారు కానీ, కష్టం ఆ గ్రీకు అక్షరాల్లో లేదు, "ప్రతి", "ఒక" అన్న మాటల వరసలో ఉంది. "ప్రతి తాళానికీ ఒక తాళంచెవి ఉంది" అన్న వాక్యమూ, "అన్ని తాళాలనూ తీసే తాళంచెవి ఒకటుంది" అన్న వాక్యమూ ఒకటి కాదని మీకు వేరే చెప్పనక్కర్లేదు. మొదటిదానిలో తాళం చూపించాక చెవి వెతుక్కోవచ్చు. రెండోదానిలో చెవి ముందే జేబులో ఉండాలి. అవిచ్ఛిన్నతకూ ఏకరూప అవిచ్ఛిన్నతకూ ఉన్న తేడా అచ్చంగా ఇదే: ఎప్సిలాన్ ఇచ్చాక, మొదటిదానిలో డెల్టా ఒక్కో బిందువుకు ఒక్కోటి ఉండవచ్చు, రెండోదానిలో అన్ని బిందువులకూ ఒకే డెల్టా సరిపోవాలి. ఇంగ్లిష్‌లో నిర్వచనం చదివిన ప్రతిసారీ దాన్ని తెలుగులో ఒక వాక్యంగా రాసుకోండి. "ఒక" రాయాలో "ఒకే" రాయాలో తేల్చుకోలేకపోతే నిర్వచనం ఇంకా అర్థం కాలేదన్నమాట. పారిభాషిక పదాలకు డిగ్రీ స్థాయి తెలుగు అకాడమీ పుస్తకాలు పనికొస్తాయి.

బహుచలరాశుల దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? స్పివాక్‌లో సమాకలనం దాకా, అంటే పద్నాలుగో అధ్యాయం దాకా వచ్చాక వెళ్లవచ్చు, కానీ మధ్యలో రేఖీయ బీజగణితం రెండు మూడు నెలలు చదవాలి. మాత్రికలు, నిర్ధారకాలు 1ఏలో వచ్చాయి కదా అంటారేమో; అక్కడ వచ్చినవి గణన పద్ధతులు, కావలసినది రేఖీయ పరివర్తనం అన్న భావన. ఎందుకు కావాలో చూడండి. ఎక్స్, వైల లబ్ధాన్ని వాటి వర్గాల మొత్తంతో భాగించండి; మూలబిందువు దగ్గర విలువ సున్నా అని పెట్టండి. ఎక్స్ అక్షం మీద ఈ ప్రమేయం అంతటా సున్నా, వై అక్షం మీద కూడా సున్నా, కనుక మూలబిందువు దగ్గర రెండు పాక్షిక అవకలజాలూ ఉన్నాయి, రెండూ సున్నాయే. కానీ ఎక్స్, వై సమానంగా ఉండే వాలు గీత మీద నడిచి రండి: విలువ ఎప్పుడూ 1/2. మూలబిందువుకు వెంట్రుకవాసి దూరంలో ఉన్నా సగమే, అడుగు పెట్టగానే సున్నా. అవకలజాలున్నాయి, అవిచ్ఛిన్నత లేదు! ఏకచలరాశిలో ఇది జరగదు. కాబట్టి పాక్షిక అవకలజాలను పక్కపక్కన పేర్చినంత మాత్రాన అవకలజం కాదు; అన్ని దిశల్లోనూ ఒకేసారి ప్రమేయానికి దగ్గరగా ఉండే రేఖీయ పరివర్తనమే అవకలజం. ఈ నిర్వచనంతో మొదలయ్యే పుస్తకాలకు అపోస్టల్ రెండో సంపుటం, హబ్బర్డ్ దంపతుల పుస్తకం మంచి ఉదాహరణలు. స్పివాక్ మరో పుస్తకం "కాల్క్యులస్ ఆన్ మానిఫోల్డ్స్" 150 పేజీలకు మించదు కదా అని ముందుగా కొనకండి. దాని సన్నదనం చూసి సులువనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. గణన నైపుణ్యం కోసం ఎంఐటీ ఉచితంగా పెట్టిన 18.02 కోర్సులో డెనిస్ ఒరూ పాఠాలు చూడవచ్చు, స్పష్టంగా చెబుతారు.

పక్కన మాస్టారు లేనప్పుడు మీ ఉపపత్తి సరైనదో కాదో ఎవరు చెబుతారన్నది సొంత చదువులో పెద్ద చిక్కు. నేను చెప్పే ఉపాయం ఇది. ఉపపత్తుల కోసం విడిగా ఒక నోటుబుక్కు పెట్టండి, కుడి పేజీలోనే రాయండి. రాసి వారం వదిలేయండి. వారం తర్వాత మీ రాతను వేరొకరి రాతలాగా చదువుతూ "కాబట్టి" అన్న ప్రతి మాట కిందా గీత గీయండి, ఎడమ పేజీలో ఆ "కాబట్టి"కి కారణం ఏ నిర్వచనమో, ఏ సిద్ధాంతమో రాయండి. కారణం రాయలేని గీత దగ్గర మీ ఉపపత్తి విరిగింది. మొదట్లో ప్రతి పేజీకీ రెండు మూడు విరుగుతాయి. మరో సంగతి: పుస్తకంలో సిద్ధాంతం ప్రవచనం చదవగానే పుస్తకం మూసి ఇరవై నిమిషాలు మీరే ప్రయత్నించండి, రాకపోయినా, ఆ తర్వాత చదివిన ఉపపత్తిలో కీలకమైన వాక్యం ఏదో మీకు వెంటనే కనబడుతుంది.

ఇదంతా పరీక్షలకు పనికొస్తుందా అని ఇంట్లో తప్పక అడుగుతారు. ఐపీఈకి, జేఈఈకి నేరుగా పెద్దగా పనికిరాదు. ఆ మాట దాచకుండా చెప్పండి. ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) బి.స్టాట్, బి.మ్యాథ్, సిఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్) ప్రవేశ పరీక్షలు రాస్తే మాత్రం బాగా పనికొస్తుంది. ఐఎస్ఐ వివరణాత్మక పేపర్‌లో రెండు గంటల్లో ఎనిమిది ప్రశ్నలకు ఉపపత్తులతో జవాబు రాయాలి. అవిచ్ఛిన్న ప్రమేయాల మీద, అసమానతల మీద వచ్చే ప్రశ్నలు స్పివాక్ అభ్యాసాలకు దగ్గరి చుట్టాలు. రెండో సంవత్సరం డిసెంబరు నుంచి పరీక్షలయ్యేదాకా ఈ చదువు పక్కన పెట్టినా నష్టం లేదు; ఏప్రిల్, మే తర్వాత కాలేజీలు తెరిచేలోపు దొరికే రెండు మూడు నెలల్లో ఒక్కసారిగా చాలా దూరం వెళ్లవచ్చు.

ఈ వారం ఏమీ కొనకండి. జి.హెచ్. హార్డీ 1908లో ప్రచురించిన "ఎ కోర్స్ ఆఫ్ ప్యూర్ మ్యాథమెటిక్స్" ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంది. రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించిన హార్డీయే. దాని మొదటి అధ్యాయం అకరణీయ సంఖ్యలతో మొదలై, వాటి మధ్య చిల్లులెక్కడున్నాయో చూపించి, వాస్తవ సంఖ్యల దాకా వెళ్తుంది. భాష పాతదే గానీ స్వచ్ఛంగా ఉంటుంది. ఆదివారం ఒక పూట కూర్చుని మొదటి ఇరవై పేజీలు పెన్నుతో చదవండి. ఈ సంఖ్యల గొడవ తొందరగా దాటేసి వైశాల్యాలు, కదలికల దగ్గరికి వెళ్లాలనిపిస్తే అపోస్టల్ కొనండి. ఇరవై ఒకటో పేజీ కూడా తిప్పాలనిపిస్తే స్పివాక్ కొనండి.